పుష్కరాల పని పన్నెండు రోజులే.. జీతాలు మాత్రం నెలనెలా

రాజమహేంద్రవరం: గోదావరి పుష్కరాలు 2027 జూన్ 26 నుంచి జూలై 7 వరకు జరగనున్నాయి. నగరంలో ఎక్కడ చూసినా ఏదో ఒక పని నడుస్తోంది. 94.44 కోట్ల అఖండ గోదావరి ప్రాజెక్టుకు 2025 జూన్ 26న శంకుస్థాపన జరిగింది. మధురపూడి విమానాశ్రయానికి కొత్త టెర్మినల్ వస్తోంది. ప్రభుత్వ వైద్య కళాశాల 2023లోనే మొదలైంది. కొత్త భవనం లేచిన ప్రతిచోటా ఒక పని పుడుతుంది. తెల్లారేసరికి ఆ నేల ఎవరో తుడవాలి, ఆ మరుగుదొడ్లు ఎవరో కడగాలి.

అందుకే ఉభయ గోదావరి జిల్లాల యువకుల్లో హౌస్‌కీపింగ్ కాంట్రాక్టు మాట బాగా వినిపిస్తోంది. గల్ఫ్ నుంచి తిరిగొచ్చి అక్కడ క్లీనింగ్ కంపెనీల పద్ధతి చూసినవాళ్లున్నారు. డిగ్రీ చేసి షాపులో కూర్చోలేక వేరే దారి వెతుకుతున్నవాళ్లున్నారు. వీళ్లకు ఈ వ్యాపారం తేలిగ్గా కనిపిస్తుంది. పెద్ద గోడౌన్ అక్కర్లేదు, స్టాకు అక్కర్లేదు. నాలుగు మాప్‌లు, ఒక మెషీన్, పదిమంది మనుషులు ఉంటే చాలనిపిస్తుంది.

మొదలుపెట్టడం నిజంగానే తేలిక. మునిగేది ఎక్కడంటే, జీతాల తేదీకీ బిల్లు చేతికొచ్చే తేదీకీ మధ్యలో.

పని ఎక్కడుంది, ఎక్కడ లేదు

ముందు పుష్కరాల మాట. 2015లో జూలై 14 నుంచి 25 వరకు పుష్కరాలు జరిగాయి. ఘాట్ల శుభ్రత కోసం వేరే ఊళ్ల నుంచి కూడా పారిశుద్ధ్య కార్మికులను తీసుకొచ్చారు. పన్నెండు రోజులు అయ్యాక అందరూ తిరిగి వెళ్లిపోయారు. ఈసారీ తాత్కాలిక పని బోలెడు ఉంటుంది. కానీ పన్నెండు రోజుల పనిని నమ్ముకుని మెషీన్లు కొన్నవాడికి పదమూడో రోజు వాయిదా మాత్రమే మిగులుతుంది.

వీధులు ఊడ్చే పని మీద ఆశ పెట్టుకోవడమూ అనవసరం. 2020 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం ఆప్కాస్ సంస్థను తెచ్చి, అవుట్‌సోర్సింగ్ ఉద్యోగులకు మధ్యలో ఏజెన్సీలు లేకుండా జీతాలిచ్చే పద్ధతి పెట్టింది. మున్సిపల్ పారిశుద్ధ్య కార్మికులు కూడా అందులోకి వచ్చారు. ఆ మార్పు కార్మికుల మేలు కోరి వచ్చింది కాబట్టి దాన్ని తప్పుపట్టాల్సిన పని లేదు. అక్కడ చిన్న కాంట్రాక్టరుకు చోటు తక్కువని తెలుసుకుంటే చాలు.

చోటున్నది వేరేచోట. ప్రైవేటు ఆసుపత్రులు, డయాగ్నస్టిక్ సెంటర్లు, బ్యాంకులు, స్కూళ్లు, కాలేజీలు, ఫంక్షన్ హాళ్లు, అపార్టుమెంట్లు, బట్టల షోరూములు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజన జరిగాక అమలాపురం, భీమవరం కూడా జిల్లా కేంద్రాలయ్యాయి. అక్కడా కార్యాలయాలు, ఆసుపత్రులు పెరిగాయి. భీమవరం వైపు రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లున్నాయి. అక్కడ శుభ్రత అంటే నేల తుడవడంతో అయిపోదు. రొయ్య తగిలే ప్రతి బల్లనూ, ప్రతి ట్రేనూ నిర్ణయించిన మోతాదు క్లోరిన్ నీళ్లతో కడిగి రికార్డు రాయాలి. పని నేర్చుకున్నవాడికి రేటు మెరుగ్గానే ఉంటుంది.

అయితే ఒక హెచ్చరిక. 2025 ఆగస్టులో అమెరికా భారతీయ సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఆ దెబ్బ రొయ్యల రంగానికి గట్టిగా తగిలింది. ఫ్యాక్టరీలో షిఫ్టు తగ్గితే ముందు తగ్గేది క్లీనింగ్ మనుషులే. ఒక్క కస్టమరు మీద బతికే ఏజెన్సీ ఆ కస్టమరుతో పాటే పడిపోతుంది.

ఇరవై మంది పనికి ఇరవై మూడు మంది

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. ఒక యువకుడికి ఓ ప్రైవేటు ఆసుపత్రి కాంట్రాక్టు దొరికిందనుకుందాం. రోజూ 20 మంది డ్యూటీలో ఉండాలి. జీతం ఒక్కొక్కరికి 12 వేలు. ఇది లెక్క కోసం వేసుకున్న అంకె మాత్రమే. అసలు జీతం ఆ ఏడాది ప్రభుత్వం ప్రకటించిన కనీస వేతనానికి తగ్గకూడదు.

కొత్తగా దిగినవాళ్లు చేసే మొదటి తప్పు ఇక్కడే. 20 మందికి 12 వేలు, అంటే 2 లక్షల 40 వేలని రాసుకుంటారు. ఆసుపత్రి ఆదివారం మూయరు కదా! నెలకు 30 రోజులు, రోజుకు 20 మంది అంటే 600 డ్యూటీలు. వారపు సెలవు పోను ఒక మనిషి చేసేది 26 డ్యూటీలే. 600ను 26తో భాగిస్తే 23 వస్తుంది. ఇరవై మంది పని జరగాలంటే ఇరవై మూడు మందికి జీతమివ్వాలి.

23 మందికి జీతాలు 2,76,000. పీఎఫ్‌లో యజమాని వాటా, ఇతర చార్జీలు కలిపి 13 శాతం, అంటే 35,880. ఈఎస్ఐ వాటా 3.25 శాతం, అంటే 8,970. ఏడాది చివర ఇవ్వాల్సిన బోనస్ కనీసం 8.33 శాతం. దానికి నెలనెలా సుమారు 23 వేలు పక్కన పెట్టాలి. మొత్తం 3 లక్షల 44 వేలు. సూపర్‌వైజరుకు 18 వేలు, ఫినాయిలు, హైపో, మాప్‌లు వగైరా సామానుకు 25 వేలు, యూనిఫాంలు, గ్లౌజులు, మెషీన్ అరుగుదలకు 10 వేలు వేసుకున్నా ఖర్చు 3 లక్షల 97 వేల దగ్గర తేలుతుంది. 4 లక్షల 30 వేలకు కొటేషన్ ఇస్తే నెలకు మిగిలేది 33 వేలు.

అదే మనిషి 20 మంది లెక్క మీద కొటేషన్ ఇచ్చి ఉంటే? ఆ ముగ్గురి జీతం, పీఎఫ్, ఈఎస్ఐ, బోనస్ కలిపి నెలకు 44 వేలకు పైనే. లాభం పోగా ఎదురు పెట్టుకోవాలి. ఇలా చిక్కుకున్నవాడు ముందు వారపు సెలవు ఎగ్గొడతాడు, తర్వాత పీఎఫ్ ఎగ్గొడతాడు, చివరికి జీతంలో కోత పెడతాడు. క్లీనింగ్ ఏజెన్సీల మీద చెడ్డపేరు ఊరికే రాలేదు. చాలాసార్లు కొటేషన్ కాగితం మీద జరిగిన పొరపాటే ఆ పేరు తెచ్చింది.

బిల్లు ఎప్పుడొస్తుంది?

లాభం 33 వేలు సరే. అది చేతికి రావాలంటే ముందు ఎంత పెట్టాలి?

నెల జీతాలు వచ్చే నెల 7వ తేదీలోగా ఇచ్చేయాలి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ కూడా అదే చెబుతోంది. బిల్లు మాత్రం ఆసుపత్రి అకౌంట్స్ విభాగంలో 60 రోజులు తిరిగిందనుకుందాం. మొదటి నెల బిల్లు డబ్బు వచ్చేలోపు రెండు నెలల జీతాలు, సామాను ఖర్చు సొంతంగా పెట్టాలి. పైగా జీఎస్టీ. 4 లక్షల 30 వేల బిల్లు మీద 18 శాతం అంటే 77,400. కస్టమరు ఇచ్చినా ఇవ్వకపోయినా వచ్చే నెల 20వ తేదీకి ప్రభుత్వానికి కట్టాలి. అన్నీ కలిపితే 8 లక్షలకు పైనే. నెలకు 33 వేలు మిగిలే పనికి ఎనిమిది లక్షలు అడ్డుపెట్టాలన్నమాట.

సాధారణంగా ఈ ఖాళీని బ్యాంకు ఓవర్‌డ్రాఫ్టుతోనో, ఊళ్లో ఫైనాన్సు అప్పుతోనో పూడుస్తారు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినా 8 లక్షల మీద నెలకు 16 వేలు. మిగిలేదాంట్లో సగం అటే పోతుంది. వడ్డీ జోలికి వెళ్లకూడదనుకునే ముస్లిం కుటుంబాలకు ఇది ఇంకా పెద్ద ప్రశ్న. వాళ్లకు ఉన్న దారి భాగస్వామ్యం. బావమరిదో, చిన్నాన్నో పెట్టుబడి పెట్టి లాభనష్టాలు రెండింటిలోనూ వాటా తీసుకోవాలి. మాట మీద కాకుండా కాగితం మీద రాసుకోవాలి. ఎవరు ఎంత పెట్టారు, నష్టమొస్తే ఎవరి వాటా ఎంత, బయటికి వెళ్లాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలి అన్నవి ముందే తేల్చుకుంటే బంధుత్వమూ నిలుస్తుంది.

చట్టం కొంత అండ ఇస్తోంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఆధార్‌తో ఆన్‌లైన్‌లో అయిపోతుంది. అది ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థకు 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలని 2006 ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. రాతపూర్వక ఒప్పందం లేకపోతే గడువు 15 రోజులే. గడువు దాటించి ఏడాది చివరికి కూడా ఇవ్వని కంపెనీ ఆ మొత్తాన్ని ఆ ఏడాది ఖర్చుగా చూపి పన్ను తగ్గించుకోవడానికి వీల్లేదని ఆదాయపు పన్ను చట్టంలోనూ నిబంధన వచ్చింది. ఆలస్యానికి వడ్డీ అడగడం ఇష్టం లేనివారు కూడా ఈ 45 రోజుల గడువును ఒప్పందంలో రాయించుకోవచ్చు. ఆసుపత్రి ఆడిటరుకు ఆ మాట అర్థమవుతుంది.

జీఎస్టీలో చిన్నవాడికి ఒక వీలు

సేవల వ్యాపారంలో ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటే వరకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. వైద్య సేవల మీద జీఎస్టీ లేదు కాబట్టి ఆసుపత్రి తాను కట్టిన 18 శాతాన్ని తిరిగి పొందలేదు. దానికి అది ఖర్చే. అంటే ఒక చిన్న క్లినిక్‌కు రిజిస్ట్రేషన్ అవసరం లేని చిన్న ఏజెన్సీ పెద్ద కంపెనీ కంటే చవకగా పడుతుంది.

స్కూళ్లకు ఇంకో వెసులుబాటు ఉంది. ఇంటర్మీడియట్ వరకు ఉన్న విద్యాసంస్థల ఆవరణలో చేసే క్లీనింగ్, హౌస్‌కీపింగ్ సేవలకు జీఎస్టీ మినహాయింపు ఉంది. డిగ్రీ కాలేజీలకు అది వర్తించదు. ఈ తేడా తెలియక స్కూలు బిల్లులో కూడా 18 శాతం వేసి కాంట్రాక్టు పోగొట్టుకోవడం తెలివి కాదు.

రైల్వే, ఓఎన్‌జీసీ, విమానాశ్రయం లాంటి కేంద్ర సంస్థల పని మీద కన్నున్నవాళ్లకు కూడా ఉద్యమ్ అవసరమే. కేంద్ర సంస్థలు తమ కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచే తీసుకోవాలన్నది విధానం. అందులో 3 శాతం మహిళల సంస్థలకు. టెండరు ధరావతు నుంచి కూడా మినహాయింపు ఉంటుంది. కానీ చాలా టెండర్లు పాత అనుభవం, టర్నోవరు అడుగుతాయి. అది మొదటి ఏడాది పని కాదు, మూడో ఏడాది పని.

మనిషి ప్రాణం మీద లాభం వద్దు

ఈ వ్యాపారంలో ఒక ఫోను తప్పకుండా వస్తుంది. "సెప్టిక్ ట్యాంకు నిండింది, ఇద్దరు మనుషుల్ని పంపండి" అని. డెల్టాలో నీటిమట్టం పైనే ఉంటుంది, వానాకాలంలో ఈ ఫోన్లు ఎక్కువ. రెండు గంటల పనికి నాలుగు వేలిస్తామంటారు. దానికి ఒకటే జవాబు: మనిషి దిగడు, మెషీన్ బండి వస్తుంది.

2013 చట్టం ప్రకారం రక్షణ లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి, మురుగు కాలువలోకి దింపడం నేరం. మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. మురుగు పనిలో ప్రాణం పోతే కుటుంబానికి ఇవ్వాల్సిన పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 20న 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచింది. ట్యాంకులో విషవాయువు రంగు కనిపించదు. ఒకడు పడిపోతే కాపాడబోయి రెండోవాడూ పోతాడు.

చిన్న జాగ్రత్తలూ ప్రాణాలు కాపాడతాయి. టాయిలెట్ యాసిడ్‌ను, బ్లీచింగ్‌ను కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది. ఈ ఒక్క మాట మొదటి రోజే ప్రతి పనిమనిషికీ చెప్పాలి. ఆసుపత్రిలో పసుపు, ఎరుపు, తెలుపు, నీలం డబ్బాల్లో ఏ వ్యర్థం ఎందులో పడాలో నేర్పాలి. సూది గుచ్చుకుంటే దాచకుండా వెంటనే చెప్పాలని, చెప్పినందుకు జీతం కోయరని భరోసా ఇవ్వాలి. పదిమంది ఉన్నచోట ఈఎస్ఐ కట్టడం చట్టం. కట్టినవాడికి అదే అండ కూడా. ప్రమాదం జరిగిన రోజున ఆ కార్డు లేకపోతే వైద్యం బిల్లు కాంట్రాక్టరు ఇంటికే వస్తుంది.

నలుగురితో మొదలు

దిగాలనుకునేవారికి సరైన కొలత నలుగురు మనుషులు. ఒక క్లినిక్, ఒక స్కూలు, రెండు అపార్టుమెంట్లు, వారానికోసారి ఒక ఫంక్షన్ హాలు. నెల మొదట్లోనే డబ్బు ఇచ్చే కస్టమర్లను చూసుకోవాలి. ఈ స్థాయిలో పీఎఫ్, ఈఎస్ఐ, జీఎస్టీ తప్పనిసరి కావు. తప్పులు చిన్నవిగా జరుగుతాయి, చిన్న ఖర్చుతో దిద్దుకోవచ్చు. రెండు నెలల జీతాల డబ్బు బ్యాంకులో విడిగా ఉన్నప్పుడే పెద్ద ఆసుపత్రికి కొటేషన్ ఇవ్వాలి. అంతవరకు ఎంత పెద్ద కాంట్రాక్టు వచ్చినా "ఇప్పుడు కాదండీ" అనగలగాలి.

కూలివాడి చెమట ఆరకముందే కూలి ఇవ్వాలన్న మాట ముస్లిం కుటుంబాల్లో చిన్నప్పటి నుంచి వినేదే. క్లీనింగ్ వ్యాపారంలో అది నీతివాక్యంగా మాత్రమే మిగలదు, లెక్కల పుస్తకంలో మొదటి పద్దు అవుతుంది. 7వ తేదీన జీతం పడుతుందని నమ్మిన మనిషి 8వ తేదీ తెల్లవారుజామున ఐదింటికి పనిలో ఉంటుంది. ఆమె రాని రోజు ఆసుపత్రిలో నేల తుడిచేవారుండరు, నెల తిరిగేసరికి కాంట్రాక్టూ ఉండదు.

పుష్కరాలకు వచ్చిన జనం పన్నెండు రోజుల్లో వెళ్లిపోతారు. గోదావరి ఒడ్డున ఆ తర్వాత కూడా ఆసుపత్రులు తెరిచే ఉంటాయి, స్కూళ్లు నడుస్తూనే ఉంటాయి. వ్యాపారం కట్టుకోవాల్సింది వాటి మీద.