రివాల్వరు: సంచికి తేలికా, చేతికి తేలికా?

కొండయంచు తోటలలో నొంటరిగా నివసించు మన వత్రాప్ ప్రాంతపు కుటుంబములవారు ఆత్మరక్షణకై చిన్న రివాల్వరు కొనదలచినప్పుడు మొట్టమొదట నడుగునది "ఎన్ని గ్రాములు?" అని. ప్రశ్న తప్పు కాదు. కాని అది సగము ప్రశ్నయే. (అడవిపందులను బెదరించుటకై కొనదలచినవారికి ఈ వ్యాసముతో పనిలేదు. రివాల్వరు అందుకు సాధనము కాదు; పైగా 1972 నాటి వన్యప్రాణి చట్టము కలదు.)

2014లో కాన్పూరునందలి ప్రభుత్వ ఆయుధ కర్మాగారమువారు "నిర్భీక్" అను రివాల్వరును స్త్రీలకై ప్రత్యేకముగా తయారుచేసితిమని ప్రకటించిరి. 2012 డిసెంబరులో ఢిల్లీయందు జరిగిన ఘోరము ఎవరికిని మరపునకు రాని కాలమగుటచే దానికి గొప్ప ప్రచారము లభించినది. టైటానియము మిశ్రలోహముతో చేసిన దాని బరువు సుమారు 500 గ్రాములు, తూటా.32 కొలతది; అప్పటి వెల 1,22,360 రూపాయలు. చేతిసంచిలో ఇట్టే ఇమిడిపోవుననుటయే దాని ముఖ్యగుణముగా చాటబడినది. వెల చెల్లించిన పిమ్మట సంచి మరింత తేలికయగు ననుటలో సందేహము లేదు!

కాని కాల్చవలసినది సంచి కాదు, చేయి. తూటా ఎంత ఊపుతో ముందునకు పోవునో, అంత ఊపుతో తుపాకి వెనుకకు తన్నును. తూటా ఒకటే అయినచో, తుపాకి బరువు తగ్గినకొలది ఆ తన్నునందలి శక్తి పెరుగును. 700 గ్రాముల రివాల్వరుకంటె 500 గ్రాముల దానియందు అది ఇంచుమించు 1.4 రెట్లు. .32 తూటా సౌమ్యమైనదే. దానిచే మణికట్టు విరుగదు. అయినను పిడి పొట్టిదై రెండు వ్రేళ్లకే పట్టు దొరకినచో, దెబ్బ బొటనవ్రేలి మొదట తగులును. గొట్టము పైకి లేచును. రెండవసారి గురి కుదురుట ఆలస్యమగును. ఇంతకంటె పెద్ద కీడు మరియొకటి కలదు. నొప్పి కలిగించు తుపాకితో ఎవరును సాధన చేయరు. నాలుగు గుండ్లు కాల్చి, బీరువాలో పెట్టి తాళము వేయుదురు. సాధన లేని చేతిలో రివాల్వరు శత్రువుకంటె ఇంటివారికే అపాయకరము.

ఇషాపూరు రైఫిలు కర్మాగారపు "నిడర్" సుమారు 250 గ్రాములే. అందలిది .22 తూటా గనుక తన్ను స్వల్పము, దెబ్బయు అంతే స్వల్పము. 2023లో కాన్పూరు నుండియే వెలువడిన "ప్రబల్" తూటాలు గాక సుమారు 700 గ్రాములు. నిర్భీక్ కంటె అధికమైన ఆ 200 గ్రాములు రెండు అరటిపండ్ల బరువు. నన్నడిగినచో, ఆ రెండు అరటిపండ్లను మోయుటయే మేలందును.

ఇక మన ఇండ్లలో ఎక్కువగా బేరమాడువారు పురుషులు, మోయవలసినవారు స్త్రీలు. 1959 నాటి ఆయుధ చట్టము ప్రకారము లైసెన్సు మనిషికే గాని ఇంటికి కాదు. మామగారి లైసెన్సుపై కొన్నదానిని కోడలు సంచిలో పెట్టుకొని తిరుగుట నేరము. కనుక దరఖాస్తు ఆమె పేరనే పెట్టవలెను. 2016 నాటి నియమములు కోరు భద్రతా శిక్షణకు ఆమెయే పోవలెను. వీలైనచో అచ్చట తేలికదానిని, బరువైనదానిని రెంటిని ఆమెయే కాల్చి చూచి, చేతికి ఏది కుదిరినదో చెప్పవలెను. అంతవరకు బయానా ఇయ్యకుడు.