పక్క అద్దం విరిగితే: అతుకు ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ నిలవదు

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో చాలా కుటుంబాలకు కారు కొత్తగా రాదు; మరొకరి చేతిలో కొన్నేళ్లు తిరిగి వస్తుంది. అయిజలో ఇంటి ముందు నిలిచే అలాంటి పాత బండే వైద్యం కోసం కర్నూలుకు, బంధువుల పెళ్లికి రాయచూరుకు, కార్యాలయాల పనికి గద్వాలకు ఇంటిల్లిపాదినీ మోస్తుంది. ఇంజిను గట్టిగా ఉన్నా ఇటువంటి బండ్లలో ముందుగా లొంగిపోయేవి ప్లాస్టిక్ భాగాలు. వాటిలో తరచుగా దెబ్బ తినేది తలుపు బయటకు పొడుచుకొని ఉండే పక్క అద్దం. అది లోపలి నుండి మీట నొక్కితే మోటారుతో తిరిగే రకమైతే చిక్కు మరింత ఎక్కువ.

కారణాలు మన వీధుల్లోనే ఉన్నాయి. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండలో ఏళ్ల తరబడి నిలిచిన ప్లాస్టిక్ క్రమంగా పెళుసుబారుతుంది. ఆ స్థితిలో ఇరుకు సందులో పత్తి లోడుతో వెళ్లే ట్రాక్టరు కాస్త రాసుకున్నా, ఆడుకొనే పిల్లవాడు పట్టుకొని వేలాడినా, మోటారుతో తిరగవలసిన అద్దాన్ని ఎవరైనా చేతితో బలంగా నొక్కినా లోపలి కొక్కేలు పుటుక్కున తెగుతాయి.

అద్దం విరిగిందని దుకాణానికి వెళితే సెట్టు మొత్తం మార్చాలన్న మాటే ఎక్కువగా వినిపిస్తుంది. పాత మోడలుకు ఆ సెట్టు దొరకటం కష్టం. దొరికినా ధర భారమే. అందువలన కొందరు చిన్న జిగురు ట్యూబు తెచ్చి అంటించి పని అయిపోయిందనుకుంటారు. మొదటిది చాలా సందర్భాల్లో దుబారా, రెండవది ప్రమాదం. ఈ రెంటి నడుమ మరో దారి ఉంది: ఏ భాగం విరిగింది, అది ఏ ప్లాస్టిక్, అది ఎంత భారం మోస్తుంది అనే మూడు ప్రశ్నలకు జవాబు తెలుసుకొని చేయి పెట్టటం.

ముందుగా నిర్మాణం చూద్దాం. బయట కనిపించేది డొప్ప. దానిని తలుపుకు పట్టి ఉంచేది అడుగు భాగం. డొప్ప లోపల 12 వోల్టులతో నడిచే రెండు చిన్న మోటార్లు ఉంటాయి; ఒకటి అద్దాన్ని పైకీ క్రిందికీ, మరొకటి కుడికీ ఎడమకూ తిప్పుతుంది. కరెంటు ప్రవహించే దిశ మారితే మోటారు తిరిగే దిశ మారుతుంది. మోటారు తిరుగుడు సన్నని పళ్ల చక్రాల ద్వారా రెండు చిన్న కడ్డీలను ముందుకు తోస్తుంది, వెనుకకు లాగుతుంది. ఆ కడ్డీల చివర గుండ్రని తలలు అద్దం వెనుక పలకలోని గుంటల్లో బిగిసి కూర్చుంటాయి. మడిచే సౌకర్యం కూడా మోటారుతోనే ఉంటే, దానికి మూడో మోటారు ఉంటుంది.

ఈ అమరిక తెలిసినవారికి శబ్దమే సగం రోగ నిర్ధారణ. మీట నొక్కినప్పుడు ఏ చప్పుడూ రాకపోతే విరిగినది ప్లాస్టిక్ కాకపోవచ్చు. ఫ్యూజు, మీట, తరువాత తలుపుకూ బండికీ మధ్య ముడతల రబ్బరు గొట్టంలో నుండి వెళ్లే తీగలు చూడాలి. తలుపు వేలసార్లు తెరిచి మూయటం వలన అవి అక్కడే తెగుతుంటాయి. మోటారు చప్పుడు వస్తూ అద్దం కదలకపోతే వెనుక గుంటలో, కడ్డీలో, పళ్ల చక్రంలో ఏదో ఒకటి విరిగినట్టు. అయితే అద్దం తన హద్దు వరకు తిరిగిన తరువాత వచ్చే టక టక శబ్దం లోపం కాదు. మోటారు కాలిపోకుండా పెట్టిన ఏర్పాటు అది.

విప్పేటప్పుడు తొందర పనికిరాదు. చేతులకు మందపాటి తొడుగులు, కళ్లకు అద్దాలు పెట్టుకోవాలి. పగిలితే ముక్కలు చెదరకుండా అద్దం మీద అడ్డంగా, నిలువుగా టేపు అంటించాలి. చలికాలం ఉదయాన ప్లాస్టిక్ మరింత పెళుసుగా ఉంటుంది కనుక తల ఆరబెట్టుకొనే హెయిర్ డ్రయ్యరుతోగాని, గోరువెచ్చని నీటిలో ముంచి పిండిన గుడ్డతోగాని కొంత వెచ్చబరచాలి. ఇనుప స్క్రూడ్రైవరుకు బదులు చెక్క బద్దతో అంచు నుండి మెల్లగా ఎత్తాలి. వెనుక తీగలుంటే విడదీసే ముందు ఫోనుతో ఒక ఫొటో తీసుకోవటం మంచిది.

ఇక ప్లాస్టిక్ జాతి. భాగం లోపలి వైపున చాలాసార్లు బాణపు గుర్తుల నడుమ ఆంగ్ల అక్షరాలు అచ్చు పోసి ఉంటాయి. ఏబీఎస్ అని ఉంటే అతుకు బాగా నిలిచే రకం. డొప్పలు ఎక్కువగా దీనితోనే చేస్తారు. పీపీ అంటే పాలీప్రొపిలీన్. పీవోఎమ్ అంటే ఎసిటాల్. నున్నగా, జారుడుగా ఉండే పళ్ల చక్రాలకు వాడేది. ఈ రెంటికీ మామూలు జిగురు పట్టదు. పీఏ అంటే నైలాన్. బరువు మోసే అడుగు భాగాలలో గాజు నారతో కలిపి వాడతారు. గుర్తు లేకపోతే విరిగిన చిన్న ముక్కను నీటిలో వేయండి. తేలితే అది సాధారణంగా పాలీప్రొపిలీన్, మిగిలినవి మునుగుతాయి. మునిగిన దాని మీద, కనబడని చోట, ఒక చుక్క అసిటోన్ వేసి చూడండి. మెత్తబడి జిగటగా మారితే అది దాదాపుగా ఏబీఎస్.

ఏబీఎస్ డొప్ప పగిలితే దానికి దాని జాతే మందు. అదే ప్లాస్టిక్ పొడినీ తునకలనూ గాజు సీసాలో అసిటోన్‌లో వేసి ఒక రాత్రి ఉంచితే చిక్కని ముద్ద తయారవుతుంది. పగులును గరుకు కాగితంతో రుద్ది, శుభ్రం చేసి, లోపలి వైపు నుండి ఈ ముద్దను పూసి కదలకుండా కట్టి ఉంచాలి. ముద్ద రెండు అంచులనూ కొద్దిగా కరిగించి ఒకటిగా చేస్తుంది. ఇది జిగురు కాదు, కలయిక. పగులు ఇంకా పాకకుండా దాని కొసన సన్నని రంధ్రం వేయాలి. పొడవైన పగులైతే టీ వడపోసే పాత స్టీలు జల్లెడ నుండి చిన్న జాలీ ముక్క కత్తిరించి లోపల పరిచి దాని మీద ముద్ద పూస్తే బలం పెరుగుతుంది. అసిటోన్ ఇట్టే మండుతుంది, రంగును కరిగిస్తుంది. పొయ్యికి దూరంగా, గాలి ఆడే చోట, పిల్లల చేతికి అందకుండా వాడాలి.

స్క్రూ బిగించే ప్లాస్టిక్ గొట్టం చీలితే దాని చుట్టూ సన్నని రాగి తీగ దగ్గరగా చుట్టి, పైన ఆరల్డైట్ వంటి రెండు ట్యూబుల ఎపాక్సీ పూసి ఒక రోజంతా ఆరనివ్వాలి. తిరిగి బిగించేటప్పుడు స్క్రూను ముందు వెనుకకు తిప్పండి. పాత మరలో ‘టక్’మని దిగినట్టు తెలుస్తుంది, అప్పుడు ముందుకు బిగించండి. క్షణాల్లో అంటుకొనే ఫెవిక్విక్ వంటి జిగురు ముక్కలను తాత్కాలికంగా నిలబెట్టటానికి పనికొస్తుంది గాని, అది పెళుసు. ఎండకూ అదురుకూ ఎక్కువ కాలం తాళదు. దాని ఆవిరి అద్దం మీద తెల్లని పొర కూడా వేస్తుంది.

ఇంతవరకు చెప్పినవి అతకదగినవి. అతకరానివి కూడా ఉన్నాయి. పళ్లు అరిగిన చక్రానికి జిగురు పరిష్కారం కాదు. ఎసిటాల్‌ను వేడి ఇనుముతో కరిగించి అతకాలని అసలే చూడకండి. వేడికి అది ఫార్మాల్డిహైడ్ అనే హానికర వాయువును విడుస్తుంది. తలుపుకు పట్టి ఉంచే అడుగు భాగం చీలితే ఎంత నేర్పుగా అతికినా దానిని మార్చటమే న్యాయం, ఎందుకంటే మొత్తం బరువూ అదురూ దాని మీదనే. ఇటువంటప్పుడు హైదరాబాదులోనూ విజయవాడ ఆటోనగర్‌లోనూ పాత బండ్ల నుండి విప్పిన భాగాలు అమ్మే దుకాణాలు అక్కరకు వస్తాయి. మోడలు, సంవత్సరం, కుడి ఎడమలు, తీగల సంఖ్య సరిపోల్చుకోవాలి. దొంగ సొత్తు కాదన్న నమ్మకం కలిగి, రసీదు ఇచ్చే చోటనే కొనాలి.

గాజు పగిలినప్పుడు చాలామంది మామూలు అద్దం ముక్క కోయించి అంటిస్తారు. కంపెనీ అద్దం తరచుగా కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది. వస్తువులను చిన్నవిగా చూపినా వెడల్పైన దారిని చూపుతుంది. సమతలపు ముక్క ఆ వెడల్పును తగ్గిస్తుంది; పక్క నుండి వచ్చే మోటారు సైకిలు కనబడకపోవచ్చు. కనుక గాజు మార్చితే అదే వంపు గల గాజునే వేయించాలి.

పని పూర్తయ్యాక పరీక్ష తప్పనిసరి. అద్దాన్ని నాలుగు దిక్కులా చివరి వరకు తిప్పి చూడండి. చేతితో పట్టి మెల్లగా ఊపండి, వదులు ఉండరాదు. గతుకుల దారిలో నెమ్మదిగా నడిపి, వెనుక బండి నంబరు వణకకుండా కనిపిస్తున్నదా గమనించండి. ఆ తరువాతే ఎర్రవల్లి వద్దనో అలంపూర్ చౌరస్తా వద్దనో 44వ జాతీయ రహదారి ఎక్కాలి. హైదరాబాదు, కర్నూలు, బెంగళూరులను కలిపే ఆ దారిలో వెనుక నుండి వచ్చే బస్సుల వేగం మన ఊరి వీధుల వేగం కాదు. అక్కడ వరుస మారేటప్పుడు అద్దం ఊడి తీగ మీద వేలాడితే, మనం మిగిల్చిన రూపాయలు ఎవరి ప్రాణానికి వెలగా మారతాయో చెప్పలేం. వెనుక సీటులో ఉన్న మన పిల్లలే కాదు, పక్కన వెళ్లే అపరిచితుడు కూడా మనకు అమానతే.

ఇదే కారణంగా మరొక బాధ్యత కూడా ఉంది. అతికిన అద్దంతో ఉన్న బండిని అమ్మే రోజు వస్తే ఆ మాట కొనేవారికి ముందే చెప్పాలి. సరుకులోని లోపాన్ని దాచరాదన్నది వర్తకంలో ఇస్లాం విధించిన నియమం. దాచిన లోపం తరువాత బయటపడితే సరుకును తిరిగి ఇచ్చే హక్కును ఫిఖహ్ శాస్త్రం ‘ఖియారుల్ ఐబ్’ అన్న పేరుతో కొనుగోలుదారుకు ఇచ్చింది. రంగు వేసి కప్పిన పగులు కంటికి కనబడకపోయినా ఆ హక్కు పోదు. అతుకు ఎక్కడ వేశారో, దేనితో వేశారో, ఎప్పుడు వేశారో ఒక కాగితం మీద వ్రాసి బండి కాగితాలతో పాటు ఉంచండి. రేపు దానిని విప్పే మెకానిక్కుకూ, కొనే కుటుంబానికీ అది ఉపయోగపడుతుంది.