చెట్టు క్రింది మెకానిక్కుకు చట్టపు నీడ కావలెను

రైలు మార్గమే లేని అండమాన్ నికోబార్ దీవులను గూర్చి రైల్వే, తపాలా ఉద్యోగులు చదివెడి ఈ పత్రికలో వ్రాయుట ఏల అని కొందరు మిత్రులు అడుగవచ్చును. ఆ దీవులలో రోడ్డు ప్రక్కన చెట్టు క్రింద కూర్చుండి పాత మోటారు సైకిలు ఇంజనును బాగుచేయు శ్రామికుని సమస్యకు ఒక కొస అచ్చట నున్నది. రెండవ కొస మన రైల్వే స్టేషను గేటు వద్ద నున్నది. ఊరూరా ఉత్తరములు పంచు తపాలా సోదరునికి ఆ శ్రామికునితో ఎప్పుడైనను పని పడును. కావున ఈ విషయమును మన సంఘముల ముందు ఉంచుచున్నాము.

2011 జనాభా లెక్కల ప్రకారము ఆ దీవుల జనాభా 3,80,581. వారిలో సుమారు 13 శాతము మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరముల నుండి చేపల వేటకు, కూలి పనులకు తరలి వెళ్ళిన కుటుంబములు అచ్చట స్థిరపడినవి. 2024 సెప్టెంబరులో శ్రీ విజయ పురము అని పేరు మార్చబడిన పోర్ట్ బ్లెయిరు నుండి ఉత్తరమున డిగ్లీపురు వరకు పోవు అండమాన్ ట్రంక్ రోడ్డు పొడవు సుమారు 330 కిలోమీటర్లు. నడుమ జరావా తెగ వారి రక్షిత ప్రాంతము కలదు. అచ్చట వాహనములు నిర్ణీత వేళలలో, కాపలాతో, గుంపుగా పోవలసినదే. విశాఖపట్టణము, చెన్నై, కోల్‌కతా రేవుల నుండి ఓడలో పంపిన విడిభాగము వేయి కిలోమీటర్లకు పైగా సముద్రము దాటి అచ్చటికి చేరవలెను. ఇట్టి చోట బండి ఆగిపోయిన వానికి పట్నములోని పెద్ద వర్కుషాపు కంటె, పానాల పెట్టెతో తన వద్దకే వచ్చు మెకానిక్కు విలువ ఎక్కువ.

అతడు బాగుచేయు బండ్లు ఎట్టివి? రాజ్‌దూత్, యెజ్డీ, బుల్లెట్, ఆర్‌ఎక్స్ 100 – ఈ పేర్లు మన పాఠకులలో పెద్దలకు సుపరిచితములు. జీతములో నెలనెలా కోత పెట్టించుకొని వీనిని కొన్నవారు మనలో ఎందరో కలరు. పోలండు దేశపు నమూనా ననుసరించి మన దేశమున తయారైన రాజ్‌దూత్‌లో 173 సి.సి. టూ స్ట్రోకు ఇంజను కలదు. మైసూరులో తయారైన యెజ్డీ, దాని తోడి యమహా ఆర్‌ఎక్స్ 100, ఈ రెండింటి తయారీయు 1996లో నిలిచిపోయినది. తయారీ నిలిచి ముప్పది యేండ్లు కావచ్చినను ఆ ఇంజనులు ఇంకను నడుచుచున్న వనిన, అది మెకానిక్కు చేతి చలువ. 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్. 6 ప్రమాణములు అమలైన తరువాత వచ్చిన బండ్లలో పెట్రోలు కొలతను ఎలక్ట్రానిక్ పరికరమే చూచుకొనును. దానిలో దోషము కనుగొనుటకు స్కానరు కావలెను. పాత ఇంజనులో దోషమును కనుగొనునది మెకానిక్కు చెవియు, వ్రేళ్ళును.

ఆరుబయట ఇంజను విప్పుట చూచువారికి తేలికగా తోచును. ఆ దీవులలో రెండు ఋతుపవనములును వర్షించును; ఏడాదిలో అధిక భాగము వానయే. సముద్రపు గాలిలోని ఉప్పు ఇనుమును తినివేయును. కిక్కు ఎంత కొట్టినను బండి లేవనిచో మెకానిక్కు ముందు ప్లగ్గు విప్పి స్పార్కు చూచును. స్పార్కు లేనిచో మాగ్నెట్టు విప్పి పాయింట్లను చూచును. చెమ్మకు నల్లబడిన పాయింట్లను గరుకు కాగితముతో రుద్ది, అర మిల్లీమీటరుకు లోపు గ్యాపు పెట్టవలెను. అది రవ్వంత తప్పినను ఇంజను లేవదు, లేచినను లాగదు. పెట్రోలులో నీరు చేరినచో కార్బ్యురేటరు విప్పి, జెట్టును ఊది శుభ్రము చేయవలెను. ఇంజను పట్టివేసినచో హెడ్డు, సిలిండరు విప్పి పిస్టను చూడవలసి యుండును. అప్పుడు క్రాంకు కేసు నోటికి గుడ్డ కప్పని వాడు మెకానిక్కు కాడు. పిస్టను పిన్నుకుండు చిన్న క్లిప్పు జారి లోపల పడినను, గాలికి ఇసుక రేణువు చేరినను, గంట పని రెండు రోజుల పని యగును. టూ స్ట్రోకు ఇంజనులో పెట్రోలు, గాలి ముందుగా క్రాంకు కేసులోనే ఒత్తిడికి లోనగును. గ్యాస్కెట్టు వద్ద గాని, సీలు వద్ద గాని బయటి గాలి చొరబడినచో మిశ్రమము పలుచనై, వేడి పెరిగి, పిస్టను మరల పట్టివేయును. ఈ సంగతి అంతయు ఎరిగి, వాన చినుకు పడకుండ పైన పట్టా కట్టి, నేల మీద గోనె పరచి, ప్రతి నట్టును వరుస తప్పకుండ పేర్చి పని చేయువానిని "రోడ్డు మీది వాడు" అని తీసివేయుట న్యాయమా? లోకోషెడ్డులో, క్యారేజి షాపులో పానా పట్టిన మన ఫిట్టరు సోదరునికి ఈ ప్రశ్నకు జవాబు తెలియును.

అయితే ఫిట్టరు సోదరునికి స్కేలు కలదు, సెలవు కలదు, గాయపడినచో పరిహారము కలదు. చెట్టు క్రింది మెకానిక్కుకు ఇవేవియు లేవు. ఆ చెట్టు క్రింద రేపు కూర్చుండనిత్తురో లేదో అను భరోసాయు లేదు.

ఈ భరోసా ఇచ్చుటకు చట్టము లేకపోలేదు. వీధిలో వర్తకము చేసికొనుట రాజ్యాంగము 19వ అధికరణము క్రింది హక్కు అనియు, దానికి సహేతుకమైన నియంత్రణలు ఉండవచ్చుననియు 1989లో సోదన్ సింగ్ కేసున సుప్రీము కోర్టు చెప్పెను. వీధి వర్తకుల జీవనోపాధి రక్షణ, క్రమబద్ధీకరణ చట్టమును పార్లమెంటు 2014లో చేసెను. అది ఆ యేడు మే 1 నుండి అమలులోనికి వచ్చెను. ఆ చట్టము సరకు లమ్మువారికి మాత్రమే యని చాలమంది భావింతురు. అది పొరపాటు. బహిరంగ స్థలములో గాని, చోటు చోటుకు తిరిగి గాని ప్రజలకు సేవ లందించువాడును దాని నిర్వచనములో వీధి వర్తకుడే. కావున తిరుగుచు పని చేయు మెకానిక్కుకును ఆ రక్షణ వర్తించును. సర్వే ముగిసి ధ్రువపత్రములు ఇచ్చువరకు ఎవరిని ఖాళీ చేయింపరాదు. తొలగింపవలసి వచ్చినచో 30 రోజుల నోటీసు ఇయ్యవలెను. వస్తువులు స్వాధీనము చేసికొన్నచో జాబితా ఇయ్యవలెను. పాడుకాని వస్తువులను, అడిగిన రెండు పనిదినములలో విడుదల చేయవలెను. పానాల పెట్టె పోయినచో పూట గడవని వానికి ఈ రెండు దినముల నిబంధన ప్రాణముతో సమానము. పట్టణ వర్తక కమిటీలో కనీసము 40 శాతము మంది వర్తకులు ఎన్నుకొనిన ప్రతినిధులు ఉండవలెను.

లోపము ఎక్కడ? ఈ చట్టము అమలు పురపాలక సంస్థల చేతిలో పెట్టబడినది. అండమాన్ నికోబార్ దీవుల కంతటికి పురపాలక మండలి ఒక్కటే, అది రాజధానిలో. రంగత్, మాయాబందర్, డిగ్లీపురు వైపు రోడ్ల మీద పని చేయువాడు పంచాయతీ ప్రాంతము వాడు. అతని పేరు వ్రాసికొను సర్వే లేదు. మెకానిక్కు అవసరము ఎక్కడ ఎక్కువయో అక్కడనే చట్టము చేయి అందుట లేదు.

రెండవ లోపము మనకు మరింత దగ్గరిది. రైల్వేల యాజమాన్యములోని భూములకు, ఆవరణలకు, రైళ్ళకు ఈ చట్టము వర్తింపదని అందులోనే వ్రాయబడినది. పైగా రైల్వే చట్టము 144వ సెక్షను ప్రకారము లైసెన్సు లేక రైల్వే ఆవరణలో బేరము పిలుచుటయే నేరము. అనగా మన స్టేషను బయట, కాలనీ గేటు వద్ద, మనము డ్యూటీకి పోవు బండిని బాగుచేయువాడు గీతకు అటు కూర్చున్నచో హక్కు గలవాడు, ఇటు కూర్చున్నచో నేరస్థుడు. దీవులలో సుమారు 240 కిలోమీటర్ల రైలు మార్గము వేయు ప్రతిపాదన 2017లో వెలువడినది. ఆ రైలు ఎన్నడైనను వచ్చుగాక, సంతోషము. కాని దానితో పాటు ఈ మినహాయింపు కూడ ఓడ ఎక్కి వచ్చునని మరువరాదు.

పాత బండ్లు పొగ వదలును, వానిని తుక్కు చేయవలెను గదా అని కొందరందురు. టూ స్ట్రోకు ఇంజను పొగ వదలుట నిజమే. సైలెన్సరులో, సిలిండరు దారిలో పేరుకొనిన మసి గీకి, నూనె పాలు సరిచేసినచో ఆ పొగ తగ్గును. ఆ పని చేయువాడును ఈ మెకానిక్కే. పదునైదేండ్లు దాటిన మోటారు సైకిలు రిజిస్ట్రేషను పొడిగింపు రుసుమును 2022 ఏప్రిల్ 1 నుండి 300 రూపాయల నుండి 1000 రూపాయలకు పెంచిరి. అది చెల్లించి బండి నడుపుకొను చిన్న ఉద్యోగిని క్రొత్తది కొనుమనుట సులభము. కొనుటకు డబ్బు ఇచ్చువారు లేరు. రోడ్డుకు అడ్డము, కాల్చిన నూనె నేలపాలు అను ఫిర్యాదులలో న్యాయము కలదు. వానికి మందు చోటు చూపుట, నూనె పోయుటకు పీపా పెట్టుట. తరిమివేయుట మందు కాదు.

కావున మేము కోరునవి నాలుగు. మొదటిది, వీధి వర్తకుల సర్వేలలో తిరుగు మెకానిక్కును సేవకుల జాబితాలో పేరు పెట్టి చేర్చవలెను. 2020లో 10 వేల రూపాయల తొలి విడతతో మొదలై, 2025లో 15 వేలకు పెంచబడిన వీధి వర్తకుల ఋణము అతనికి పానాల పెట్టెయై చేరవలెను. రెండవది, పంచాయతీ ప్రాంతములకు ఈ రక్షణను విస్తరింపవలెను. మూడవది, రైల్వే భూముల మినహాయింపును తొలగింపవలెను. అంతవరకు ప్రతి స్టేషను బయట రేకుల కప్పు గల కొంత చోటును స్వల్ప రుసుముపై లైసెన్సుతో ఇయ్యవలెను. నాలుగవది, తపాలా కార్యాలయముల ఆవరణలో ఖాళీ చోటున్నచో వారములో నియమిత దినమున మెకానిక్కు కూర్చుండుటకు అనుమతి నీయవలెను.

ఇందులో కొన్ని పార్లమెంటు చేయవలసినవి. కొన్ని మన డివిజనల్ అధికారుల వద్ద మన ప్రతినిధులు అడిగి సాధింపదగినవి. శాఖా సంఘములు రాబోవు సమావేశములలో ఈ అంశమును చర్చకు పెట్టి, తమ స్టేషను బయట, తమ పోస్టాఫీసు ఎదుట పని చేయు మెకానిక్కులు ఎందరో, వారు ఎవరి భూమిలో కూర్చున్నారో వ్రాసి పంపవలెనని కోరుచున్నాము. లెక్క చేతికి వచ్చిననాడు అడుగుట తేలిక, కాదనుట కష్టము. సంఘటిత కార్మికుని బలము తన స్కేలు వద్దనే ఆగిపోరాదు. తన బండిని నడిపించు చేతి వరకు అది చేరవలెను.