మందు చేపకా, నీటికా?

మన కళాశాల జంతుశాస్త్ర ప్రయోగశాల వరండాలో ఒక గాజుతొట్టి ఉన్నది. ప్రవేశ దరఖాస్తుల కొరకు వచ్చే తల్లిదండ్రులు, వారి చేయి పట్టుకొని వచ్చే చిన్నపిల్లలు ఆ తొట్టి ముందు ఒక్క నిమిషమైనా నిలువక పోరు. ఉర్దూ మాధ్యమం వారూ, తెలుగు మాధ్యమం వారూ మాటలు అక్కర లేకుండా ఒకచోట చేరేది అక్కడేనని మేము పరిహాసమాడుకొనుట కద్దు. గత వర్షాకాలంలో ఆ తొట్టి 5 రోజులలో దాదాపు ఖాళీ అయినది. 22 చేపలలో 3 మాత్రమే మిగిలినవి. అవి రోగం వలన పోయినవని అందరూ అనుకొన్నారు. రోగం వలన కాదు, వైద్యం వలన పోయినవని మా అభిప్రాయం. ఆ వైద్యంలో మా చేతులు కూడా ఉన్నవి గనుక ఎవరినీ వేలెత్తి చూపుట ఈ వ్యాసోద్దేశం కాదు.

జరిగినది ఇది. బజారు నుండి 4 మోలీ చేపలను తెచ్చి తిన్నగా తొట్టిలో వదిలినాము. వారం తిరుగక ముందే చేపల రెక్కల మీద, తోకల మీద ఉప్పు రవ్వ చల్లినట్లు తెల్లని చుక్కలు కనిపించినవి. మొదటిరోజు ఒకరు మిథిలీన్ బ్లూ వేసినారు. ఆ సంగతి తెలియక రెండవరోజు మరొకరు మాలకైట్ గ్రీన్ వేసినారు. మూడవరోజు ఒక మిత్రుడు మందుల దుకాణం నుండి టెట్రాసైక్లిన్ గొట్టాలు తెచ్చి, విప్పి, పొడిని నీటిలో చల్లినాడు. ముగ్గురూ ప్రేమతోనే చేసినారు. నాలుగవరోజు చేపలన్నీ నీటిపైకి వచ్చి నోళ్లు తెరచి ఆయాసపడినవి. ఐదవరోజున తొట్టిలోని నీటినంతటినీ అటెండరు చేత మురుగుకాలువలో పోయించినాము.

చేపల తొట్టిలో నీరు కేవలం నీరు కాదు. ఈ ఒక్క విషయం మాకు పాఠంలో తెలుసు, చేతలో తెలియలేదు. చేప విసర్జించునది ముఖ్యంగా అమోనియా. మిగిలిపోయిన మేత కుళ్లినా అమోనియాయే. తొట్టి అడుగున గులకరాళ్ల మీద, వడపోత స్పాంజిలో నివసించే సూక్ష్మజీవులు ఆ అమోనియాను నైట్రైటుగా, వేరొక జాతివి ఆ నైట్రైటును నైట్రేటుగా మార్చుచుండును. మొదటి రెండూ చేపకు విషాలు. మూడవది చాలావరకు నిరపాయం. ఈ అదృశ్య సేవకుల సంఘం ఒక కొత్త తొట్టిలో నిలదొక్కుకొనుటకు సాధారణంగా 4 నుండి 6 వారాలు పట్టును. మిథిలీన్ బ్లూకు శత్రువెవరో, సేవకుడెవరో తెలియదు. మన తొట్టిలో ఏళ్ల తరబడి నిలిచిన ఆ సంఘాన్ని మేము మూడు రోజులలో కూల్చినాము. ఆ పైన మొదట చచ్చిన రెండు చేపలు రాళ్ల సందున కుళ్లినవి. మా గొట్టపుబావి నీటి పీహెచ్ 8కి దగ్గరగా ఉండును. పీహెచ్ 7 నుండి 8కి పెరిగినచో అమోనియాలోని విషభాగం సుమారు 10 రెట్లు అగును. నాలుగవనాటి ఆయాసానికి కారణం వేరే వెదకనక్కర లేదు.

మసీదు హౌజు వద్ద వజూ చేయువారు నీటి రంగు, రుచి, వాసన మారలేదు గదా అని చూచుకొందురు. చెరువునీరు త్రాగిన మన తాతలదీ అదే పరీక్ష. మనుష్యుని అవసరానికి అది మంచి పరీక్షయే. చేపను చంపగల అమోనియా మాత్రం రంగుకూ చిక్కదు, ఆ కొద్ది మోతాదులో ముక్కుకూ చిక్కదు. మా తొట్టి నీరు చివరివరకు అద్దంవలె ఉన్నది, నీలిరంగు ఒక్కటి తప్ప.

ఇక మోతాదు సంగతి. తొట్టి 150 లీటర్లదని ఎవరో అన్నది నమ్మి మందు కొలిచినారు. 3 అడుగుల పొడవు, 1 అడుగు వెడల్పు, ఒకటిన్నర అడుగు ఎత్తు గల పెట్టెలో పట్టునది నాలుగున్నర ఘనపుటడుగులు, అనగా సుమారు 127 లీటర్లు. రాళ్లు, ఇసుక, పైన వదిలిన ఖాళీ తీసివేసినచో 100 లీటర్లకు మించదు. అంటే ఒకటిన్నర రెట్ల మందు. ఇంటర్మీడియట్ విద్యార్థి వేయగల లెక్కను డిగ్రీ విద్యార్థులము వేయలేదు.

టెట్రాసైక్లిన్ గురించి ఒక మాట చెప్పక తప్పదు. ఆ కుటుంబపు మందులలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో లోకానికి వెల్లడి అయినప్పుడు, దానిని కనుగొన్న లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహించినవారు మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895లో భీమవరంలో జన్మించిన ఆ మహనీయుని పేరు మా తరగతి గోడమీద ఉన్నది. ఆయన శ్రమఫలాన్ని మేము గరిటెతో చల్లినాము! తెల్లమచ్చలకు కారణం బాక్టీరియా కాదు. ఇక్తియోఫ్థీరియస్ అనే ఏకకణజీవి. టెట్రాసైక్లిన్ దానిని ఏమీ చేయదు. అదిగాక మా బావినీటి వంటి కఠినజలంలో కాల్షియం, మెగ్నీషియం ఆ మందును పట్టివేసి దాని బలాన్ని చాలావరకు హరించును. చేపకు దక్కనిది, రోగాన్ని తాకనిది అయిన మందును ఎవరికొరకు వేసినట్లు?

ఇంతవరకు చదివినవారు, మందే వేయరాదని మేము చెప్పుచున్నామని తలపవద్దు. మందు చేపకు వేయవలెను, నీటికి వేయరాదు. 20 లీటర్ల బకెట్టులో పెద్దతొట్టి నీటినే నింపి, గాలిగొట్టం అమర్చి, రోగి చేపను అందులోనికి మార్చి, మందు అక్కడ కొలిచి వేయవలెను. ప్రతిరోజూ మూడవవంతు నీటిని మార్చి, మార్చిన భాగానికి మాత్రమే మందు తిరిగి కలుపవలెను. అక్కడ సూక్ష్మజీవుల సంఘం ఉండదు గనుక ఆ శ్రమ తప్పదు. పట్టిన వల వేరు, బకెట్టు వేరు. మోచేతికి గాయమున్నవారు తొట్టిలో చేయి పెట్టరాదు. చేపల నుండి మనుష్యుల చర్మానికి సోకి నెలల తరబడి మానని పుండ్లు కలిగించే మైకోబాక్టీరియం జాతి ఒకటి ఉన్నది.

దీనికి ఒక న్యాయమైన ఆక్షేపణ ఉన్నది. తెల్లమచ్చల విషయంలో చుక్క కనిపించే చేపను మాత్రం తీసినచో చాలునా? చాలదు. ఆ జీవి చేప చర్మం క్రింద దాగి ఉన్నంతకాలం ఏ మందూ దానిని తాకలేదు. పెరిగిన పిదప రాలి, తొట్టి అడుగున అంటుకొని, వందలాదిగా విభజన చెంది, ఈదే పిల్లజీవులై తిరిగి చేపను వెదకును. మందుకు లోబడేది ఈ ఈదే దశ ఒక్కటే. వెచ్చని నీటిలో ఈ చక్రమంతా వారంలోపే తిరుగును. రోగం ఒక చేపమీద కనిపించినదంటే తొట్టి అంతటా ఉన్నట్లే. కావున ఈ ఒక్క రోగంలో మా వాదం సగమే చెల్లును. అయితే ఈదే పిల్లజీవికి రెండు రోజులలో చేప దొరకనిచో అది చచ్చును. చేపలన్నిటినీ ఒక పది రోజులు వేరుచేయగలిగితే పెద్దతొట్టి మందులేకుండానే శుభ్రపడును. అది వీలుపడనిచోట, వేడిని మెల్లమెల్లగా 30 డిగ్రీలకు పెంచి, గాలి ఎక్కువగా పంపి, లీటరుకు 1 నుండి 2 గ్రాముల రాళ్ల ఉప్పును రెండు రోజులలో కొద్దికొద్దిగా కలుపుట మేలు. ఆపాటి ఉప్పు ఆ సేవకుల సంఘాన్ని కూల్చదు. నీటిమొక్కలు, పొలుసులు లేని చేపలు ఉన్నచో ఇంకా తగ్గించవలెను.

యునానీ వైద్యంలో హకీములు ముందు దినచర్యను, ఆహారాన్ని సరిదిద్ది ఆ తరువాత దవాకు వత్తురని ఉర్దూ విభాగపు మిత్రులు మాకు చెప్పినారు. లంఘనం పరమౌషధమని మన ఇంటి పెద్దలందురు. ఈ రెండు మాటలూ చేపకు అక్షరాలా వర్తించుట మాకు ముచ్చట గొలిపినది. ఒకటి రెండు రోజులు మేత మానినచో అమోనియా తగ్గును. నాలుగవవంతు నీరు మార్చినచో ఇంకా తగ్గును. కుళాయినీరైతే అందులోని క్లోరిన్‌ను హైపోతో విరిచి పోయవలెను. స్పాంజిని కుళాయి క్రింద కాక తొట్టినుండి తీసిన నీటిలోనే పిండవలెను. మృగశిరనాడు నాంపల్లిలో చేప నోట మనిషికి మందు ఇచ్చుట మన నగరపు వింత అయితే, మనిషి తొందరపాటు చేప నోటబడుట మా కళాశాల వింత అయినది.

చివరిది, మాకు అన్నిటికన్న ముఖ్యమనిపించునది, ఆ 100 లీటర్ల నీరు. నీలం, ఆకుపచ్చ రంగులు, టెట్రాసైక్లిన్ కలిసిన ఆ నీటిని మేము కాలువలో పోసినాము. మన కాలువ మూసీకి చేరును. మూసీ దిగువన ఆ నీటితోనే పశుగ్రాసం పెరుగును, వరి పండును. 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు పటాన్‌చెరు వద్ద ఔషధ కర్మాగారాల మురుగును శుద్ధిచేసి వదిలిన నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నదని ప్రకటించినారు. ఆ సంఖ్య ముందు మా తొట్టినీరు ఏపాటిది అని ఒక మిత్రుడు నవ్వినాడు. పాటి చిన్నదే. అయినను, మందుకు లొంగని క్రిములను పెంచుచున్నారని కర్మాగారాల మీద మొన్న వక్తృత్వపు పోటీలో బల్లగుద్ది మాట్లాడిన వారిలో ఆ టెట్రాసైక్లిన్ చల్లిన మిత్రుడూ ఉన్నాడు, కాలువలో పోయించిన మేమూ ఉన్నాము. మన దేశంలో పశుపోషణలో, ఆక్వాలో కొలిస్టిన్‌ను 2019లో నిషేధించినారు. అలంకారపు చేపల దుకాణాలలో మాత్రం ఏ మందైనా చీటీ లేకుండా చేతికి వచ్చును. బకెట్టులోని మందునీరైతే కొద్దిపాటి. అందులో యాక్టివేటెడ్ బొగ్గు వేసి కదిలించి ఒకరోజు ఉంచినచో రంగుమందులు చాలావరకు బొగ్గుకు అంటుకొనును. 100 లీటర్లకు ఆ పని ఎవరు చేయుదురు? వేరు పాత్ర కావలెననుటకు ఇది రెండవ కారణం.

కమిటీ వారికి మా విన్నపం పెద్దది కాదు. 20 లీటర్ల చిన్నతొట్టి ఒకటి, ఉష్ణమాపకం ఒకటి, అమోనియా పరీక్షకు చుక్కలమందు, మందుల అలమారకు తాళం, ఆ తాళానికి ఒక బాధ్యుడు. వీటన్నిటికన్న చవకైనది, ఉపయోగంలో పెద్దది, తొట్టి ప్రక్కన దారంతో వ్రేలాడదీసిన ఒక నోటుపుస్తకం. ఎవరు, ఏనాడు, ఏమి, ఎంత వేసినారో అందులో వ్రాయవలెను. ఆ పుస్తకం గత వర్షాకాలంలో ఉండి ఉంటే రెండవ మందు పడేది కాదు. కొత్త చేప ఏది వచ్చినను 3 వారాలు చిన్నతొట్టిలో ఉండిన పిదపనే పెద్దతొట్టికి రావలెను.

మిగిలిన ఆ 3 చేపలూ గప్పీలు. అవి పిల్లలను కనే జాతి గనుక ఇప్పుడు తొట్టిలో 30 వరకు ఉన్నవి, మిగతా అంతా ఖాళీ. కొత్త చేపల కొరకు ఈ సంవత్సరం సొమ్ము మంజూరైనదని విన్నాము. ఆ సొమ్ముతో చేపలను కొనక ముందు చిన్నతొట్టిని కొనుటకు అనుమతి దయచేయవలెనని కోరుచున్నాము. వేసవి సెలవులలో దానిని చూచుటకు ఇద్దరము పేర్లు ఇచ్చినాము, ఒకరు ఉర్దూ మాధ్యమం నుండి, ఒకరు తెలుగు మాధ్యమం నుండి.