దండ వేసి ఊరుకుంటే చాలదు

విశాఖలో కంచరపాలెం కష్టజీవుల పేట. పాలిటెక్నిక్, ఐ.టి.ఐ., ఉపాధి కార్యాలయం ఇక్కడే ఉండటంతో పల్లెల కుర్రాళ్లు సర్టిఫికెట్ల సంచి చంకన పెట్టుకుని ఈ దారినే వస్తుంటారు. పదో తరగతి, ఇంటర్ పాసై మిలటరీ సెలక్షన్లకు పరుగు ప్రాక్టీసు చేసేవారు ఉత్తరాంధ్రలో ఊరూరా కనిపిస్తారు. వారూ, వారిని పంపించే తల్లిదండ్రులూ తెలుసుకోదగిన జీవితం కల్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబుది.

ఆయన పుట్టింది 1983లో సూర్యాపేటలో. ఆయన తండ్రి బ్యాంకు ఉద్యోగి. తనకు సైన్యంలో చేరాలని ఉన్నా కుదరలేదనీ, ఆ కోరిక కొడుకులో నెరవేరాలనుకున్నాననీ ఆ తండ్రి తర్వాత చెప్పారు. అందుకే పిల్లవాణ్ణి చిన్న వయసులోనే వందల కిలోమీటర్ల దూరాన మన విజయనగరం దగ్గరి కోరుకొండ సైనిక్ స్కూలుకు పంపారు. 1962లో ఏర్పడిన ఈ పాఠశాల ఎందరో అధికారులను సైన్యానికి ఇచ్చిన సంగతి విదితమే. అక్కడి నుంచి ఆయన నేషనల్ డిఫెన్స్ అకాడమీకి వెళ్లారు. 2004లో అధికారిగా బీహార్ రెజిమెంటు పదహారో బెటాలియన్‌లో చేరి, చివరకు అదే బెటాలియన్‌కు కమాండింగ్ అధికారి అయ్యారు.

2020 జూన్ 15 రాత్రి లడఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో ఆయనతో కలిపి 20 మంది భారత సైనికులు నేలకొరిగారు. ఆయన వయసు అప్పటికి 37. హైదరాబాదుకు బదిలీ కావలసి ఉండగా, కరోనా కారణంగా అది ఆలస్యమైంది. ఆ కబురు కోసం ఎదురుచూస్తున్న ఇంటికి వేరే కబురు వచ్చింది. తల్లిదండ్రులు, భార్య, ఇద్దరు చిన్నపిల్లలు మిగిలారు. 2021లో ప్రభుత్వం ఆయనకు మహావీర్ చక్ర ప్రకటించింది. ఆ పతకాన్ని రాష్ట్రపతి చేతుల మీదుగా తల్లి, భార్య అందుకున్నారు.

ఈ కుటుంబం విషయంలో తెలంగాణ ప్రభుత్వం వెంటనే కదిలింది. ఐదు కోట్ల రూపాయల సాయం, ఇంటి స్థలం, భార్యకు గ్రూప్-1 స్థాయి ఉద్యోగం ఇచ్చింది. సూర్యాపేటలో విగ్రహం వెలిసింది. ఇది మెచ్చుకోదగిన పని. అయితే పేరు పేపర్లో పడిన ఇంటికి జరిగినట్లు పేరు పడని ఇంటికి జరుగుతుందా అన్నదే ప్రశ్న.

యుద్ధం విశాఖ ప్రజలకు కొత్త కాదు. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక రేవు వెలుపల పేలుడు శబ్దం వినిపించింది. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ తొంభై మందికి పైగా సిబ్బందితో సముద్రంలో మునిగిపోయింది. ఆ యుద్ధానికి గుర్తుగా 1996లో బీచ్ రోడ్డున స్మారకం కట్టారు. ఏటా అక్కడ పుష్పగుచ్ఛాలు ఉంచుతారు. కాని ఆ రోజుల్లో ఓడల మీద, సరిహద్దుల్లో పనిచేసి బతికి తిరిగివచ్చిన సిపాయిలకు, నావికులకు ఇప్పుడు డెబ్భై, ఎనభై ఏళ్లు దాటాయి. వారు పతకాల కోసం చూడటం లేదు. తాము పోయాక ఇల్లాలికి పింఛను చిక్కు లేకుండా అందితే చాలనుకుంటున్నారు.

చిక్కు చాలాచోట్ల చిన్న అక్షరం దగ్గరే వస్తుంది. మిలటరీ రికార్డులో భార్య పేరు ఒకటి, ఆధార్‌లో మరొకటి ఉంటుంది. పుట్టిన తేదీ కలవదు. పెళ్లయినప్పుడు వివరం రికార్డులకు పంపి ఉండరు. మనిషి ఉన్నప్పుడు ఒక దరఖాస్తుతో సరిపోయే పని, మనిషి పోయాక ఆ ముసలమ్మ చేత నెలల తరబడి ఆఫీసుల మెట్లు ఎక్కిస్తుంది. ఇప్పుడు పింఛన్లు స్పర్శ్ అనే కంప్యూటర్ పద్ధతిలోకి మారాయి. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వకపోతే పింఛను ఆగిపోతుంది. మీట నొక్కడం తెలియని వృద్ధులకు ఇది కూడా భారమే.

మరో సంగతి గమనార్హం. 2022లో వచ్చిన అగ్నిపథ్ పథకం కింద చేరినవారిలో నాలుగేళ్ల తర్వాత 25 శాతానికి మించకుండా సైన్యంలో ఉంచుకుంటారు. మిగిలినవారు సుమారు 11 లక్షల 71 వేల రూపాయల సేవా నిధితో ఇంటికి రావలసిందే. వారికి పింఛను ఉండదు. పాతికేళ్లకే మాజీలయ్యే ఈ కుర్రాళ్లకు ఊరు ఏ పని చూపిస్తుందో ఇప్పుడే ఆలోచించడం మంచిది.

ఇందుకు పెద్ద నిధులు అక్కరలేదు. ప్రతి పంచాయతీలో మాజీ సైనికుల, వారి వితంతువుల జాబితా రాసి ఉంచాలి. జిల్లా సైనిక సంక్షేమ అధికారులు మండల కేంద్రాల్లో ఏడాదికి ఒకటి రెండు సార్లు శిబిరం పెట్టి, పేర్ల తేడాలు అక్కడికక్కడే సరిచేయించాలి. లైఫ్ సర్టిఫికెట్ల పనిలో ఊళ్లోని చదువుకున్న పిల్లలు పెద్దలకు తోడుండాలి. మిలటరీ నుంచి వచ్చినవారు కూడా డిశ్చార్జి పుస్తకం, పింఛను ఉత్తర్వు ట్రంకు పెట్టె అడుగున దాచక, అవి ఏమిటో, ఎక్కడున్నాయో భార్యకు చెప్పి ఉంచాలి. కుటుంబం మీద ప్రేమ ఉన్నవాడు తన పెన్షన్ కాగితాలు సరిగా పెట్టుకుంటాడు.

డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినం. ఆ రోజు చిన్న జెండా కొని చొక్కాకు పెట్టుకోవడం మంచిదే. దానితో పాటు ఊళ్లో ఉన్న మిలటరీ తాత ఇంటికి వెళ్లి "కాగితాలన్నీ సరిగా ఉన్నాయా తాతా?" అని అడిగేవారు ఒక్కరున్నా ఆ ఇంటికి ఎంతో మేలు జరుగుతుంది.