అటక మీది ప్రదర్శనశాల

కిందటి నెల ఒక సోదరి మాకు ఉత్తరం వ్రాస్తూ, "విశ్వవిద్యాలయాలకు మ్యూజియములు ఎందుకండీ? పిల్లలకు పుస్తకాలు చాలవా?" అని అడిగారు. మంచి ప్రశ్న. మాకు తెలిసినంతలో జవాబు చెబుతాము. చెప్పాలంటే మా తప్పు కూడా ఒకటి ఒప్పుకోవలసి ఉన్నది.

మైసూరులో కుక్కరహళ్ళి చెరువుకు పడమటి వైపున, మానసగంగోత్రిలో, జయలక్ష్మీ విలాసమనే పెద్ద భవనం ఉన్నది. 1905లో చామరాజ ఒడెయరు గారి పెద్ద కుమార్తె కోసం కట్టినది. కువెంపు గారు ఉపకులపతిగా ఉన్న కాలంలో, 1959లో, విశ్వవిద్యాలయం దానిని తీసుకున్నది. 1968లో జానపద మ్యూజియము ఏర్పడి ఆ భవనంలో వెలసింది. చిత్రకారులు పి. ఆర్. తిప్పేస్వామి గారు అందుకోసం ఊరూరా తిరిగి వస్తువులు కూడబెట్టారు. ఆయన మన పొరుగున ఉన్న చిత్రదుర్గం జిల్లా వారే. సేద్యపు పనిముట్లు, వంటింటి సామాను, యక్షగానపు వేషాలు, తోలుబొమ్మలు, అన్నీ కలిపి 6,000కు పైమాటే.

ఇంత సొత్తు ఒక్కమారు పరచి చూపడం ఏ మ్యూజియమునకూ తేలిక కాదు. అందుచేత పెద్ద విశ్వవిద్యాలయాల మ్యూజియములు ఏడాదిలో కొన్నిసార్లు ఏదో ఒక విషయం తీసుకొని, దానికి తగిన వస్తువులు గిడ్డంగిలో నుండి దించి, కొత్త ప్రదర్శన పెడతాయి. నెలలు గడిచాక వాటిని మళ్ళీ లోపల భద్రపరుస్తాయి. ఆక్స్‌ఫర్డులో 1683లో తెరిచిన ఆష్మోలియన్ మ్యూజియము నేటికీ అట్లాగే నడుస్తున్నది. దానికి మొదటి సొత్తు ఎక్కడిదనుకున్నారు? ట్రాడెస్కాంట్ అనే ఇంటిపేరు గల తోటమాలులు, తండ్రీ కొడుకులు, తమ ఇంట్లో కూడబెట్టిన వింతవస్తువులే!

ఆలోచించి చూస్తే ఈ పద్ధతి మన ఇళ్ళకు కొత్త కాదు. మన గిడ్డంగి అటక. ఏరువాకకు మడక, గొర్రు కడిగి పసుపు కుంకుమ పెట్టేవారు. దసరాకు ఆయుధపూజ, కొలువు పెట్టే ఇళ్ళలో బొమ్మల పెట్టె దిగేది. కొత్త రాగులు ఇల్లు చేరినప్పుడు ఇత్తడి సేరు, చేట బయటికి వచ్చేవి. శివరాత్రికి, వాన మొహం చాటేసినప్పుడు, ఊరి బయట తెర కట్టి తోలుబొమ్మలాట ఆడించేవారు. ప్రతి వస్తువుకూ ఒక నెల, చూపి చెప్పే ఒక అవ్వ. ఏడాది పొడుగునా మన ఇంట ప్రదర్శనే.

ఇక మా తప్పు. కొన్నేళ్ళ కిందట ఒక పని మీద మైసూరు పోయి, మా అమ్మాయిని ఆ మ్యూజియమునకు తీసుకుపోయినాము. ఒక పనిముట్టు ముందు నిలబడి, "నాన్నా, ఇది కూరిగె గదా! మన మాటలో ఏమంటారు?" అని అడిగింది. పాతికేళ్ళుగా ఆఫీసులో కన్నడంలో నోట్లు వ్రాస్తూ ఇంట్లో తెలుగు మాట్లాడే మాకు ఆ మాట నోటికి రాలేదు. పైన గిన్నె, కింద వెదురు గొట్టాలు, అన్నీ ఎరిగినవే. పేరే రాలేదు.

ఇంటికి వచ్చి మా అమ్మను అడిగితే నవ్వింది. "గొర్రు గదరా నాయనా! పైది జడ్డిగం. మీ అవ్వ దానిలోనే పిడికిట విత్తనం విడిచేది. పెళ్ళినాడు నీళ్ళ పొయ్యిలోకి పెట్టించినావే, అదే!" అన్నది. నిజమే. చెల్లెలి పెళ్ళికి కట్టెలు చాలకపోతే, కొట్టంలో ఊరికే పడి ఉన్నదని దానిని కొట్టించినది మేమే.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవారున్నారు. మేకతోలు పలుచగా గీకి, రంగులు వేసి, రాముణ్ణీ రావణుణ్ణీ తీస్తారు. వారి ఇంటిమాట మరాఠీకి దగ్గర, ఆటమాట తెలుగు. మన వలెనే రెండు భాషల బ్రతుకు. ఆట చూసేవారు తగ్గినా ఆ తోలుతోనే దీపపు తొడుగులు చేసి పని నిలుపుకొన్నారు. వారిలో దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. వస్తువు వాడుకలో ఉంటే పేరూ పనితనమూ దానితో ఉంటాయి. వాడుక పోయినప్పుడు కనీసం చూపి చెప్పేవారైనా ఉండాలి. మ్యూజియము చేసే పని అదే. పుస్తకంలో 'గొర్రు' అని చదివిన పిల్ల ఆ పుట త్రిప్పేస్తుంది. గొర్రు ఎదుట నిలబడిన పిల్ల తండ్రిని అడుగుతుంది.

మనము గుమాస్తా పద్ధతిలో ఒక పని చేయవచ్చును. ఇంటికొక నోటుబుక్కు తీసుకొని గడులు గీయండి: వస్తువు, తెలుగు పేరు, కన్నడ పేరు, ఎవరు వాడారు, ఏ నెలలో బయటికి తీసేవారు, ఇప్పుడు ఎక్కడున్నది. ఇంట్లో పెద్దవారు ఉండగానే అడిగి వ్రాయండి. నెలకొక వస్తువు మన సంఘం గదిలో ఒక బల్ల మీద పెట్టి, తెచ్చినవారి చేతనే దాని సంగతి పిల్లలకు చెప్పిద్దాము. పన్నెండు నెలలకు పన్నెండు ఇళ్ళు. మైసూరు వెళ్ళేవారు ఆ మ్యూజియము కూడా చూడండి. పాత కట్టడం గనుక మరమ్మతులకు మూసి ఉండే కాలాలుంటాయి, ముందు కనుక్కొని బయలుదేరండి.

మా ఇంటి నోటుబుక్కు మొదలుపెట్టినాము. మొదటి వరుసలో గొర్రు వ్రాసినాము. 'ఇప్పుడు ఎక్కడున్నది' అన్న గడి ఖాళీగా ఉన్నది. రెండో వరుసలో అమ్మ విసురురాయి. అది ఇంకా పెరట్లోనే ఉన్నది. వచ్చే ఆదివారం కడిగి లోపలికి తెస్తాము. మీ అటకల మీద ఏమున్నవో మాకు వ్రాయండి.