చెట్లు పెరిగితే చాలదు, నేలకు వెలుతురూ అందాలి

మలక్‌పేట: బస్సులో పట్నానికి వచ్చే మన పల్లెవాసులకు విజయవాడ రోడ్డు మీద, ఎల్బీనగర్‌కు ముందు వనస్థలిపురం పక్కన కనిపించే జింకల పార్కు తెలిసిందే. ఒకప్పుడు నిజాం ప్రభువుల వేటస్థలమైన ఈ అడవి, మహావీరుని 2500వ నిర్వాణ మహోత్సవాల జ్ఞాపకార్థం 1975లో మహావీర్ హరిణ వనస్థలిగా ఏర్పడింది. 1994లో జాతీయ పార్కు అయింది. విస్తీర్ణం దాదాపు 3,600 ఎకరాలు.

ఈ పార్కు ముఖ్యంగా కృష్ణజింకల కోసం పెట్టినది. కృష్ణజింక చిట్టడవి జంతువు కాదు. బయలులో గడ్డి మేస్తుంది. శత్రువును దూరం నుంచే చూసి పరుగు తీస్తుంది. దానికి కావలసింది గడ్డి. గడ్డికి కావలసింది ఎండ. కాబట్టి చెట్లూ పొదలూ ఎంత దట్టమైతే అంత మేలనుకోవడం ఇక్కడ పొరపాటవుతుంది.

ఈ సంగతి రైతుకు కొత్త కాదు. గట్టు మీది చింతచెట్టు కింద పైరు గిడసబారుతుంది. చెట్టు నీడ వెలుతురును ఆపుతుంది, వేళ్లు తేమను లాగుతాయి. అదే నీడ కొన్నిటికి వరం. పసుపులో మొక్కజొన్న వేసేది, తమలపాకు తోటలో అవిసె పెంచేది కొంత నీడ కోసమే గదా! అడవి నేల మీద జరిగేదీ ఇదే. ప్రతి మొక్కకూ తన పాలు వెలుతురు కావాలి. ఒకే తీరు వెలుతురున్న చోట కొన్ని రకాలే బతుకుతాయి. ఎండ, నీడ కలగలిసిన చోట ఎక్కువ రకాలకు స్థలం దొరుకుతుంది.

ఎడతెగని వానలు పడే దేశాల దట్టమైన అడవుల్లో నేలకు చేరే వెలుతురు నూటికి ఒకటి రెండు పాళ్లే. మన అడవుల తీరు వేరు. ఎండాకాలంలో ఆకు రాలుతుంది. తొలకరి పడ్డాక, పైన ఆకు కమ్ముకునేలోగా, నేలలోని గడ్డలూ గింజలూ మేల్కొంటాయి. అడవినాభి వంటి తీగలు, గడ్డి జాతులు అప్పుడే లేస్తాయి. లాంటానా కంప అల్లుకున్న చోట ఆ అవకాశం ఉండదు. దాని కింద గడ్డి నశిస్తుంది, కొత్త మొక్క లేవదు.

అలాగని కంప కొట్టేసి నేలను బోసిగా వదిలితే వయ్యారిభామ వచ్చి కూర్చుంటుంది. దానికీ ఎండే బలం. కంప తీసిన చోట వెంటనే నాటు గడ్డి లేచేలా చూడాలి.

ఇది జింకల పార్కుకే పరిమితమైన సమస్య కాదు. 2015లో హరితహారం మొదలైంది. 2020 నుంచి ఊరూరా పల్లె ప్రకృతి వనాలు వెలిశాయి. చెట్లు నాటడం మంచి పనే, కాదనేవారెవరు? రోడ్ల పక్కన, బడుల్లో, చెరువు గట్ల మీద నాటవలసిందే. కానీ ఊరి బంచరాయి సంగతి వేరు. కాగితాల మీద బంజరు అని రాసినంత మాత్రాన అది పనికిరాని నేల కాదు. గొర్రెల కాపరికి అదే ఆధారం. పిట్టలకు, కుందేళ్లకు అదే ఇల్లు. అక్కడ సందులేకుండా మొక్కలు నాటితే నాలుగేళ్లకు వనం కనిపిస్తుంది, మేత కనిపించదు.

కనుక గుంతలు తీయకముందే పంచాయతీ పెద్దలు కాపరులను పిలిచి, ఎక్కడ ఏ గడ్డి మొలుస్తుందో అడగాలి. నాటినచోట వేప, మోదుగ వంటి నాటు చెట్లను ఎడంగా పెట్టాలి, మధ్యన బయలు వదలాలి. అధికారులు సైతం ఎన్ని మొక్కలు నాటారన్న లెక్కతో సరిపెట్టక, వాన వెలిశాక ఒకసారి వంగి, చెట్ల కింద ఎన్ని రకాలు మొలిచాయో చూడాలి. అడవి బాగోగులు అక్కడే తెలుస్తాయి.